తిట్టమని మనవి

పిన్నీ,

నేను క్షేమమే. నా రెండో పాటే మంచాన పడింది.

మొదటి పాట నీ బట్టల బీరువాలో దూరి పాడి రికార్డు చేశాను, గుర్తుందా? బట్టల మధ్యయితే గొంతు మారుమోగదని. మధ్యలో నువ్వు తలుపు లాగి, "వెధవా, ఆ ఏడుపేదో బట్టలు మడతపెడుతూ ఏడవరాదట్రా!" అన్నావు. ఆ ముక్క తీసెయ్యడం మర్చిపోయి పాటను జనంలోకి వదిలాను. ఇప్పుడు నేనెక్కడ పాడినా నా పల్లవిని పట్టించుకునే నాథుడు లేడు. నీ తిట్టు దగ్గరికి రాగానే మాత్రం వేలమంది లేచి నిలబడి దాన్నే అరుస్తారు.

రెండో పాటలోనూ నువ్వు తిట్టాలట, జనం పట్టుబడుతున్నారు. అందుకే పోయిన నెల వచ్చి మళ్ళీ బీరువాలో దూరాను. నువ్వేమో తలుపు తీసి, "గాలాడుతోందా నాన్నా?" అని పాలగ్లాసు అందించావు. అప్పుడే తుడిచిన గచ్చు మీద బూట్లతో నడిచాను, మురిసిపోయావు. అద్దం పగలగొట్టాను, "పోనీలే, పాతదేగా" అన్నావు.

పేరు రాకముందు కన్నకొడుకుని తిట్టినట్టు తిట్టేదానివి. ఇప్పుడు ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నావు.

అన్నట్టు, ఎవరినీ ముట్టుకోనివ్వని నీ ఉన్ని దుప్పటి కోసం ఇల్లంతా వెతుకుతున్నావట. నేనే తెచ్చాను. నాలుగు ముక్కలు చేసి రికార్డింగు గది గోడలకు మేకులతో కొట్టాను. గొంతు అస్సలు మారుమోగడం లేదు.

జవాబు రాస్తూ కూర్చోకు, ఫోన్ చెయ్యి. మైకు ఆన్ చేసే ఉంచాను.

ఇట్లు,
ఒకప్పటి నీ వెధవ