పరీక్షనాటి జ్వరం

అల్లుడు గారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని విసుక్కోకండి. ఎదురుగా చెప్పబోతే మా అమ్మాయి మధ్యలో ఏడుస్తుంది. బడిలో మీరు హెడ్మాస్టరు, నేను మీ కింద పంతులిని. ఇంటికొస్తే మీ చూరు కింద మామను. ఎటు తిరిగినా మీ గోడే తగులుతుంది.

బడి సగటు మార్కులు పడిపోకుండా, వెనకబడిన పిల్లల్ని రేపటి పరీక్షకు జ్వరం పేరు చెప్పి మానెయ్యమని చెప్పమన్నారు. లెక్కలంటే వణికే చివరి బెంచీ పిల్లకు ఏడాదంతా ధైర్యం నూరిపోసింది నేనే. ఇవాళ వచ్చి, "మాస్టారూ, నాకు జ్వరం రాత్రికి రావాలా, పొద్దున్న వస్తే చాలా?" అని అడిగింది.

రేపు ఆ పిల్లను పరీక్షకు కూర్చోబెడతాను. సాయంత్రం మీ గుమ్మం ఎక్కవచ్చో లేదో అమ్మాయి చేత చెప్పించండి. నాకు వేరే గుమ్మం లేదని మీకు తెలుసు.

మీ మామ