నారింజ రంగు తలుపు

హాల్‌బ్రూక్ స్టేట్ యూనివర్సిటీ క్రీడా విభాగపు డైరెక్టరు గారి సముఖమునకు,
ఈ ఊరి రిటైర్డు స్కూలు బస్సు మెకానిక్కు మెర్విన్ హోల్‌స్ట్రామ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మన ఫుట్‌బాల్ జట్టును తూర్పు తీరపు కాన్ఫరెన్సులో చేర్చినందున రద్దయిన కార్వర్ కాలేజీ ఆటను తిరిగి ఏర్పాటు చేయించుట గురించి.

ఇదివరకు ఇదే విషయమై రెండు అర్జీలు సమర్పించుకొని యున్నాను. రెండింటికీ "మీ అభిమానమే మా బలం" అని ఒకే జవాబు వచ్చినది. రెండింటిలోనూ నా పేరు తప్పే. కోపం లేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి గదా. ఈ దిగువ బాధలను తమరి దృష్టికి తెచ్చుచున్నాను.

1. ఇన్నాళ్లూ మన కాన్ఫరెన్సు అంటే ఏటా ఒకరితో ఒకరు ఆడుకునే ఇరుగుపొరుగు కాలేజీల కూటమి. బయటి ఊరి ఆటకు పొద్దున పికప్పులో బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండేవాడిని. ఇకమీదట రెండు విమానాలు మారవలసి యున్నది. అదీ గాక, కొత్త ప్రత్యర్థులను ద్వేషించుటకు మనస్ఫూర్తిగా ప్రయత్నించితిని. సాధ్యపడలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లను ఏమని తిట్టను?

2. ఐలీన్ హోటల్లో పొద్దుటి కాఫీకి శాంతి లేకుండా పోయినది. ఇన్సూరెన్సు ఏజెంటు రాడ్నీ ఈ మార్పునకు అనుకూలుడు. హోటలు యజమానురాలు ఐలీన్ వ్యతిరేకురాలు.

"టీవీ వాళ్ల డబ్బు వస్తుందే తల్లీ! పెద్దవాళ్లతో ఆడితేనే మనమూ పెద్దవాళ్లమవుతాం," అన్నాడు రాడ్నీ.

"పెద్దవాళ్ల చేత తన్నులు తింటే పెద్దవాళ్లమైపోతామా? నిరుడు చిన్నవాళ్ల చేతిలోనే తిన్నాంగా, సరిపోలేదా?"

"నీకు వ్యాపారం తెలీదు ఐలీన్."

"తెలీకుండానే ఇన్నేళ్లూ నీకు గుడ్లు వేయించి పెడుతున్నానా? ఆ ప్లేటు ఇలా ఇయ్యి. పోయి మీ తూర్పు తీరంలో తిను."

సగం తిన్న గుడ్ల ప్లేటు నిజంగానే లాక్కున్నది. రాడ్నీ ఇప్పుడు పెట్రోలు బంకులో కాఫీ తాగుచున్నాడు. అందరూ నా వైపు తిరిగి "నువ్వేమంటావు మెర్విన్?" అన్నారు. నేను కాఫీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచాను. తమరు సంతకాలు పెట్టేసిన తర్వాత ఇంక మమ్మల్ని అడిగి లాభమేమి?

3. అసలు బాధ ఇది. దయచేసి ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువవలెను.

నా భార్య లోర్నా తమ్ముడు గార్లెండ్, పక్క కౌంటీలో పాడి రైతు, కార్వర్ కాలేజీ వీరాభిమాని. మా పెళ్లయిన ఏడాది నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ భోజనాల దగ్గర ఆట గురించి మేమిద్దరం గొంతులు చించుకుంటుంటే లోర్నా విసిగిపోయి ఒక బ్రష్షు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "గెలిచినవాడు ఓడినవాడి వీధి తలుపుకి తన జట్టు రంగు వెయ్యండి. అంతటితో నోళ్లు మూయండి," అన్నది. నాటి నుండి అదే చట్టం. వాళ్లు గెలిస్తే మా తలుపు నారింజ, మనం గెలిస్తే వాడి తలుపు ఆకుపచ్చ. ఓడినవాడు మళ్లీ గెలిచినప్పుడే తన తలుపుకి సొంత రంగు వేసుకోవాలి. ఓడినవాడు భోజనం పెట్టాలి.

ఆ పూతలన్నీ కలిసి తలుపు మందమెక్కి సరిగా మూసుకోవడం లేదు. చలిగాలి లోపలికి వస్తున్నది. చిత్రిక పట్టిస్తే సరిపోతుందని వడ్రంగి అన్నాడు. వద్దన్నాను. అడుగు పూతలు వేసేటప్పుడు లోర్నా పక్కనే నిలబడి, ఇక్కడ వదిలేశారు, అక్కడ వదిలేశారు అని వేలు పెట్టి చూపించేది. ఆవిడ పోయాక పడినవి పైన ఉన్న రెండు పూతలే.

నిరుడు నవంబరులో, తమరికి గుర్తుండే ఉంటుంది, చివరి కిక్కు కొట్టలేక ఓడిపోయాం. గార్లెండ్ మోకాళ్లు వంగక స్టూలు మీద కూచుని మధ్యాహ్నమంతా రంగు వేశాడు.

"బావా, మీ కిక్కరుకి కాళ్లున్నాయా, అద్దెకి తెచ్చారా?"

"నోరు మూసుకుని వెయ్యరా. గడియ మీద పడుతోంది."

"అక్క ఉంటే ఈ రంగు చూసి మురిసిపోయేది."

"మీ అక్కది మా జట్టు."

"నీతో చెప్పిందా? నాతో చెప్పలేదే!"

నాతోనూ చెప్పలేదు.  ఓడినవాడిని గనక లేచి, బీన్సూ మాంసమూ వేసి వండిన చిల్లీ వేడి చేసి పెట్టాను.

4. పై కారణముల చేత ప్రార్థించునది ఏమనగా: కాన్ఫరెన్సు తమరి ఇష్టం. టీవీ డబ్బు తమరి ఇష్టం. స్టేడియంలో నా సీటు పెంచిన ధరకు ఎవరికిచ్చుకున్నా అభ్యంతరం లేదు. కార్వర్ కాలేజీతో ఏడాదికి ఒక్క శనివారం మాత్రం ఇప్పించవలెను. ఇదంతా చిత్తగించి, ఈసారైనా నా పేరు సరిగా వ్రాసి బదులు పంపగలరని ఆశించు,

తమ విధేయుడు,
మెర్విన్ హోల్‌స్ట్రామ్
(ఉత్తరపు స్టాండు, గాలి కొట్టే వైపు)

తా.క.: ఇది కవరులో పెట్టేలోపు గార్లెండ్ వచ్చి మొత్తం చదివాడు. "బావా, మేమే ఓడామనుకో. బ్రష్షు తీసుకుని రేపే వచ్చి మా తలుపుకి ఆకుపచ్చ రంగు పూసుకుపో, పీడా పోతుంది," అన్నాడు. ఆడకుండా గెలిచే అలవాటు మాకు లేదన్నాను. వెళ్లబోతూ తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "అయితే నవంబరులో నేనేం పని పెట్టుకుని రావాలి బావా?" అన్నాడు. ఊరికే రారా అనలేకపోయాను. లోర్నా ఉన్నప్పుడు ఊరికే వచ్చేవాడు. ఇప్పుడు వాడూ ఊరికే రాడు, నేనూ ఊరికే వెళ్లను, మేం అలాంటివాళ్లం. ఆ ఒక్క శనివారం ఇప్పించండి సార్. ఏటా ఓడిపోయినా సరే.