పటేల్ కొడుకు వంట, నీ మనవరాలి హోంవర్కు

బాపూ,
నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మొన్న నీ మనవరాలు ఫోన్ చేసి, ‘సెగ్రిగేషన్ అంటే ఏంది నాన్నా?’ అనడిగింది.

‘మీ తాతను బడి లోపలికి రానియ్యకపోతే కిటికీ బయట నిలబడి ఎక్కాలు నేర్చిండు. అదే.’

‘మరి అది పోయి కలిసుండుడు? డీసెగ్రిగేషన్?’

‘ఇక్కడ బహ్రెయిన్‌ల మా లేబర్ క్యాంపుల మన ఊరి పటేల్ కొడుకుది నా కింది మంచం. ఈ వారం వంట వంతు వానిదే. పప్పుల ఉప్పు ఎక్కువేసిండని మీ తాత వంతు కూడ కలిపి తిట్టిన. “తప్పైంది అన్నా” అని నా పళ్లెం కడిగిండు.’

పిల్ల ‘డీసెగ్రిగేషన్ బహ్రెయిన్‌ల ఉంటది’ అని రాసిందట. సారు తప్పని కొట్టేసిండట.

పోయిన నెల నేను, పటేల్ కొడుకు కలిసి సెలవుకు ఊరికి పోయినం. వాళ్లింట్ల వానికి స్టీలు గిలాసల చాయ్ ఇచ్చిన్రు, నాకు పేపర్ కప్పుల.

సారుకేం తెలుసు బాపూ, పిల్ల రాసిందే కరెక్టు.