గోడ మీది స్పూన్లు

ఉదయగిరి,
జూన్ 12

ప్రియమైన వంశీ బావకు,

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు. అందుకే స్పూన్ల పార్సిల్లో ఈ ఉత్తరం పెడుతున్నాను, విప్పక తప్పదు కదా. నువ్వు డిజైన్ చేస్తున్న బెంగళూరు కాఫీ హోటలుకు అడిగిన మూడు వందలూ పూర్తయ్యాయి. అన్నీ మన కొండల్లో దొరికే నర్ది చెక్కతో చేసినవే. ఎప్పట్లాగే ఒక్కొక్కటీ కింది పెదవికి ఆనించి, గరుకు లేదని చూసుకునే పంపుతున్నాను. ఈ పని అవగానే ఇంటికొచ్చేస్తానన్నావు. పెళ్లయిన రెండేళ్లలో మనం కలిసున్న రోజులు ఎంత తక్కువో తలుచుకుంటే భయమేస్తోంది.

నీ కోసం చూస్తుండే
కరుణశ్రీ


బెంగళూరు,
జులై 3

నా కరుణకు,

హోటలు తెరిచాం. ఫొటో చూడు. నీ స్పూన్లన్నీ గోడకు అతికించి, పైన వార్నిష్ కొట్టించాను. కాలేజీ పిల్లలు వాటి ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. ఓనరు సంబరపడి ఇంకో రెండు హోటళ్ల పనీ నాకే ఇచ్చాడు. దసరాకు వస్తాను, కోపగించుకోకు. నీ చేతి పని రోజూ నా ఎదురుగానే ఉంటోంది, నువ్వే లేవు.

నీ వంశీ


ఉదయగిరి,
జులై 10

బావా,

ఈసారి ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. నాకు పని నేర్పిన మల్లీశ్వరత్త ఫొటో చూసి ఏమందో తెలుసా? "ఏందే, గోడకు అన్నం పెడతా ఉండాడా నీ మొగుడు?" మేం స్పూన్లు చెక్కే షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత ఏడ్చాను. నోటికి తగలని స్పూనుకు నేనెందుకు పెదవి ఆనించినట్టు? నన్నూ అలాగే ఫొటోలో పెట్టుకుని మురుస్తున్నావు.

కరుణశ్రీ


బెంగళూరు,
ఆగస్టు 22

కరుణా,

ఇన్నాళ్లూ జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. స్పూన్లన్నీ గోడ నుంచి పీకించాను. అక్కడ పొడవాటి బల్ల వేయించి ఉలి, ఆకురాయి, చెక్కముక్కలు పెట్టించాను. వచ్చిన పిల్లలు తమ స్పూను తామే చెక్కుకుని దాంతోనే తింటారు. నేర్పే మనిషి కావాలి. ఓనరు ఒప్పుకున్నాడు, మనకు ఇల్లు కూడా చూశాను. వచ్చెయ్. ఒకచోట ఉందాం.

నీ వంశీ


ఉదయగిరి,
సెప్టెంబరు 9

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం చదివి అప్పటికప్పుడే పెట్టె సర్దుకున్నాను, ఒట్టు. తీరా బయల్దేరుతుంటే ఆత్మకూరు నుంచి ఆరుగురు కాలేజీ ఆడపిల్లలు షెడ్డుకొచ్చారు. మీ హోటల్లో బల్ల దగ్గర పిల్లలు స్పూన్లు చెక్కే వీడియో ఫోన్లో చూశారట. "దీనికి బెంగళూరు పోవాలా అక్కా? మన ఉదయగిరిలోనే ఉండాది గదా, మాకూ నేర్పించు" అన్నారు. మల్లీశ్వరత్త వాళ్ల తరం తర్వాత ఇక్కడ ఉలి పట్టింది నేనొక్కదాన్నే. పెట్టె విప్పేశాను.

ఇప్పుడు పదకొండు మంది అయ్యారు. కూర్చోవడానికి చోటు లేదు, వెలుతురు చాలదు, కిటికీ ఎక్కడ పెట్టించాలో ఎవరికీ తెలీదు. రాత్రి పగలు నువ్వే గుర్తొస్తున్నావు, అయినా వీళ్లను వదిలి రాలేను.

అక్కడ నేర్పడానికి మల్లీశ్వరత్త సై అంది. ఆమెకు బెంగళూరు చూడాలని ఎప్పటినుంచో ఆశ. శుక్రవారం బస్సెక్కిస్తున్నాను. ఆమెను దించుకుని, తిరుగు బస్సు నువ్వెక్కు.

నీ కరుణ