జాడీ లోపలి మట్టి

ఫూజౌ పట్టణంలో లక్కపనితో బతికిన వెంగ్ యావ్‌షెంగ్ అనే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా కొడుకు గ్వాంగ్‌జీకీ కూతురు సుయున్‌కీ రాసి ఇస్తున్న వీలునామా. గురువారం నాకు కడుపు ఆపరేషన్. సగం భయం, సగం సంతోషం. పదకొండేళ్ల తర్వాత పోయిన నెలలో నా కూతురు నా గడప తొక్కింది. ఇంత సంతోషం పట్టేంత చోటు ఈ ముసలి ఒంట్లో లేదు.

1. ఇల్లు, దుకాణం, పనిముట్లు గ్వాంగ్‌జీవి. నాకు వేళకు తిండి పెట్టాడు, చల్లగా ఉండాలి.

2. పూర్వీకుల నాటి ఎర్ర లక్క చెక్కడపు జాడీ సుయున్‌ది. కారణం రాస్తున్నాను. దెహ్వాలో పింగాణీ చేసే మింగ్‌హేని చేసుకుంటానని అది చెప్పిన రోజున, ఆ జాడీ పక్కనే కూర్చుని, మట్టి పిసికేవాడికి మా ఇంట్లో పీట వెయ్యనన్నాను. ఆ అబ్బాయి జాడీని వేలితో తట్టి, "పెద్దాయనా, మరి దీన్నెలా రానిచ్చారు?" అన్నాడు. గెంటేశాను. అతనన్నది నిజం. ఆ లక్క కింద ఉన్నది చెక్క కాదు, కాల్చిన మట్టి. నాకు పన్నెండో ఏటి నుంచీ తెలుసు. మా నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు.

ఈ చలికాలం జాడీ అంచు చిట్లి లోపలి తెలుపు బయటపడింది. కప్పెయ్యబోయాను, చెయ్యి రాలేదు. దెహ్వాకి ఉత్తరం రాశాను. ఇద్దరూ వచ్చారు. అల్లుడు పింగాణీ పెంకులు నూరి తెచ్చిన పొడిని పచ్చి లక్కలో కలిపి పగులు నింపాం. లక్క పడక అతని మొహం బూరెలా పొంగింది. "మామగారూ, పెళ్లికానుక ఇప్పటికి అందింది" అని నవ్వాడు. నేను ఏడ్చాను.

3. నా బెంగంతా ఇక్కడే. ఆఖరి పూత ఆదివారం వేశాను. జాడీ చెమ్మగదిలో ఉంది. చెట్టు పాలతో చేసే మన లక్క చెమ్మలోనే ఆరుతుంది, పొడిగాలి తగిలితే జిగటగానే ఉండిపోతుంది. గ్వాంగ్‌జీ, వందసార్లు చెప్పాను. వందసార్లూ నువ్వు "బూజు పడుతుంది నాన్నా" అంటూ కిటికీ తీశావు. ఇరవై రోజులు తీయకు. కుంపటి పెట్టకు. గోడకు కట్టిన గుడ్డలు రెండు పూటలా తడుపు. బాబూ, తడుపుతావు కదూ?

4. జుట్టుతో కట్టిన నా కుంచె కూడా సుయున్‌కే. అది దాని ఆరేళ్లప్పటి జుట్టు. ఈ పదకొండేళ్లూ పూతలన్నీ దానితోనే వేశాను.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత నా తోటి పనివాడు చీ బోరన్‌ది. నేను చేసిన పళ్లెం తనదని ప్రదర్శనలో పెట్టుకున్నాడు, అది ఇంకా మరిచిపోలేదు. కానీ చెమ్మ సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రోజూ వచ్చి గుడ్డలు పట్టి చూడాలి.

6. ఆసుపత్రి నుంచి నడిచి వస్తే జాడీని నేనే దెహ్వాకి మోసుకెళ్తాను. రాకపోతే బోరన్ తీసుకెళ్లాలి. ఒకవేళ పూత చెడినా, అంచు మళ్లీ చిట్లినా, పైన ఇంకో పూత వెయ్యకండి. ఎలా ఉంటే అలాగే ఇవ్వండి. మట్టి కనపడితే కనపడనీ.

1986 జూన్ 10, ఫూజౌ.

(సంతకం) వెంగ్ యావ్‌షెంగ్

సాక్షులు: చీ బోరన్, లక్కపనివాడు
తాంగ్ షియూజెన్, పక్కింటి టీ దుకాణం