టేపు కింద రెండు వేళ్ళు

నాన్నా,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ఈ "ముగ్గురం" అనే మాట రాయాలనే ఉత్తరం మొదలుపెట్టానేమో అనిపిస్తోంది. ఓడలో నువ్వూ, నీ ఇంజన్ గదీ, నీ మోకాలి నొప్పీ కూడా కులాసాయే అనుకుంటాను. నా తెలుగు చూసి నవ్వొద్దు. పదకొండేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివించింది నువ్వే.

చెల్లి బరువు అడిగావు. నిన్నటికి కేజీ తొమ్మిదొందల యాభై. పుట్టినప్పుడు కేజీ ఆరొందలే. గాజుపెట్టెలోంచి బయటికొచ్చి నాలుగు రోజులైంది. పాలు తాగుతూ తాగుతూ ఆగి, తన వాటా ఎవరో లాక్కుంటున్నట్టు కనుబొమలు ముడుస్తుంది. అచ్చం నువ్వే. అమ్మ బీపీ దిగింది. ఆస్పత్రి మంచం మీద కూడా ఊరికే కూర్చోలేదు, వార్డులో నర్సుల చిరిగిన జేబులన్నీ కుట్టిపెట్టింది. "డాక్టరుగారూ, ఈవిణ్ణి అప్పుడే పంపకండి, నా ఇంకో కోటు ఇంట్లో ఉంది" అందట ఒకామె.

ఇక నీ మూడో ప్రశ్న. "బిడ్డ ఎదగడం లేదని ముందు కనిపెట్టిందెవరు? మీ అమ్మనడిగితే నీ కూతుర్నే అడుగు అంటోంది. నువ్వేనని ఓడంతా చెప్పేశాను" అని రాశావు. ఆ లైను పదిసార్లు చదివాను. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. ఎందుకంటే నీకు తెలిసింది సగమే. మిగతా సగం నీ రెండు నిమిషాల ఫోన్లో పట్టదు.

ఏడో నెలలో హెల్త్ సెంటర్ నర్సక్క నాకు అమ్మ పొట్ట కొలవడం నేర్పింది. "మీ ఇంట్లో టేపుకి కరువా? కింద ఎముక దగ్గర సున్నా పెట్టు, గర్భసంచి పైఅంచు దాకా లాగు. ఎన్ని వారాలైతే దాదాపు అన్ని సెంటీమీటర్లు. ఒకటీ రెండూ అటూ ఇటూ అయినా పర్లేదు. మూడు తగ్గిందా, పరుగెత్తుకొచ్చెయ్" అంది. ప్రతి ఆదివారం కొలిచి నోట్‌బుక్‌లో రాయడం నా డ్యూటీ.

నేను కుట్టుపని చేసే అమ్మ కూతుర్ని కదా. టేపు పట్టుకుంటే దాని కింద రెండు వేళ్ళు వాటంతటవే దూరతాయి. బట్ట బిగుసుకోకూడదని అమ్మ నేర్పిన అలవాటు. ఇరవై తొమ్మిదో వారం ఇరవై ఎనిమిది వచ్చింది. ముప్పయ్యో వారం ఇరవై తొమ్మిది. శభాష్ అనుకున్నాను. ముప్పై ఒకటో వారం మళ్ళీ ఇరవై తొమ్మిదే. అప్పుడు చూసుకున్నాను నా వేళ్ళని. తీసేసి, టేపు వంటికి ఆనించి కొలిచాను. ఇరవై ఏడు.

నాలుగు తక్కువ నాన్నా.

"ఎంతొచ్చిందే?" అంది అమ్మ పైకప్పు చూస్తూ.

"ఇరవై తొమ్మిది" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రాయకపోతే నిజం కాదనిపించింది. తర్వాతి ఆదివారం తెలిసి తెలిసీ వేళ్ళు పెట్టి, ముప్పై అని రాశాను.

ఆ మర్నాడు కాళ్ళు వాచాయని అమ్మ ఇంట్లోనే ఉండి, నోట్‌బుక్ నాకిచ్చి సెంటర్‌కి పంపింది. క్యూ గేటు దాకా ఉంది. నర్సక్క అంకెలు చూసి, "చక్కగా రాశావే, వచ్చే నెల మీ అమ్మని తీసుకురా" అని సంతకం పెట్టేసింది. నేను గేటు దాటాను కూడా. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక్కొచ్చి, క్యూలో వాళ్ళు గొణుగుతున్నా ముందుకి తోసుకెళ్ళి, "అక్కా, ఆ నంబర్లు అబద్ధం. అమ్మ కాళ్ళు వాచాయి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అందరూ తిరిగి చూశారు. నర్సక్క తిట్టలేదు. పెన్ను పక్కన పడేసి ఆంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

స్కానింగ్‌లో తల బాగానే ఉంది, పొట్ట చుట్టుకొలత మాత్రం మూడు వారాలు వెనకబడింది. అమ్మ బీపీ బాగా ఎక్కువ. "నేను సరిగ్గా తినకే ఇలా అయిందా డాక్టరుగారూ?" అని ఏడ్చింది అమ్మ. డాక్టరమ్మ బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో తెర మీద చూపించింది. "తిండి తప్పు కాదమ్మా. మీరు తిన్నది బిడ్డకి చేరే దారి ఇరుకైంది. మీ బీపీ వల్ల, బొడ్డుతాడు అంటుకుని ఉండే మాయ సరిగ్గా పని చెయ్యట్లేదు. కొందరికి రక్తం తక్కువై, కొందరికి పొగాకు వల్ల, కొందరికి ఏ కారణమూ దొరక్కుండానే ఇలా అవుతుంది. ఇంకో రెండు వారాలు తెలియకపోయుంటే కష్టమయ్యేది" అంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్లు ఇచ్చి, రోజూ గుండె చప్పుడు చూస్తూ, ముప్పై నాలుగో వారం దాకా ఆపి, ఆపరేషన్ చేసి తీశారు. ఆ తర్వాతిదంతా నీకు తెలుసు.

వార్డులో ఒక రోజు అమ్మకి అంతా చెప్పేశాను. ఇంకొకరి జేబు కుడుతూ వింది. దారం తెంపి, "పద్దెనిమిదేళ్ళ నుంచి టేపు పడుతున్నదాన్ని. నా పొట్ట మీద నీ వేళ్ళు నాకు తెలియవా?" అంది. "మరెందుకు ఊరుకున్నావ్?" అంటే సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. "నాకూ ఆ అంకె చూడాలంటే భయమేసింది. నువ్వు వెనక్కి తిరిగొచ్చావ్. నేనైతే వచ్చేదాన్నో లేదో" అంది. నీకు చెప్పమంది తనే.

తిట్టాలనిపిస్తే తిట్టు నాన్నా. కానీ ఓడలో చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోకు. అబద్ధం రాసిందీ నేనే, గేటు దాటి వెనక్కొచ్చిందీ నేనే. అమ్మ కడుపుతో ఉందని స్కూల్లో సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు క్లాసంతా రోజూ బరువు అడుగుతోంది. ప్రిన్సిపల్ కూడా అడిగింది!

నిన్న చెల్లికి నా చేత్తో మొదటి గౌను కత్తిరించాను. ఛాతీ కొలిచేటప్పుడు మళ్ళీ రెండు వేళ్ళూ టేపు కిందకి దూరాయి. చటుక్కున తీసేశాను. అమ్మ చూసింది.

"తీస్తావేం? ఇంకో వేలు కూడా పెట్టు. పెరిగే పిల్ల" అంది.

ఇట్లు,
మొన్నటిదాకా ఒక్కగానొక్క, ఇప్పుడు
నీ పెద్దకూతురు