పేరు తెలియని మూడు దుంగలు

జూన్ 4
గాలివానకు పడిన చెట్లను రోడ్డు మీంచి తీసేసే కాంట్రాక్టర్ మూడు దుంగలు నా షెడ్డులో దించి వెళ్ళాడు. ఏ చెట్టువి అని అడిగితే, చెట్టువే కదమ్మా అన్నాడు. బెరడు లేదు, ఆకు లేదు. లేత్ మీద చెక్కను తిప్పి గిన్నెలు చేసుకునే నాలాంటిదానికి ఇంతకన్నా ఏం కావాలి! కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

జూన్ 5
ఒకటో దుంగకు ముక్కు ఆనించాను. గంధంలాంటి పరిమళం. సంబరం పట్టలేక, వాసన చూడవే అని అక్కను పిలిచాను. వెంటనే నాలిక కరుచుకున్నాను. జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి అక్కకు ఏ వాసనా తెలియడం లేదు. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట డాక్టర్. గ్యాస్ లీకైనా తెలియదని భయపడి నా దగ్గరకు వచ్చేసింది. ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉందంటుంది. నేనేమో ఆమె ఎదురుగా దుంగను వాటేసుకుని వాసన పీలుస్తున్నాను. బుద్ధి ఉండాలి.

జూన్ 8
దుంగ చివర బ్లేడుతో నున్నగా కోసి, తడిపి, చెక్కలోని సన్న రంధ్రాలను బట్టి ఏ చెట్టో తేల్చాలని లెన్స్ పెట్టి చూస్తుంటే అక్క లాక్కుంది. ముక్కు పోతే పోయింది, కళ్ళున్నాయిగా అంది. ఇక భోజనానికి పిలిచినా రాదు. సాయంత్రానికి తేల్చేసింది, ఒకటోది గంధం కానే కాదట. నా దగ్గరున్న గంధం ముక్కలో రంధ్రాలు కనీకనబడనట్టుంటే, దీనివి జల్లెడ కన్నాలంత ఉన్నాయట. నా ముక్కు మీద నాకు నమ్మకముంది అన్నాను. నీకైనా ఉంది, సంతోషం అని లేచి వెళ్ళిపోయింది.

జూన్ 9
కాంట్రాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆ దుంగ ఇన్నాళ్ళూ సబ్బుల గోడౌన్ వెనక, తడిసిన సరుకు కింద పడి ఉందట. ఉలితో పైపొర గీకాను. పరిమళం దాంతోనే పోయింది. అక్క పగలబడి నవ్వింది. నా ఇంటికి వచ్చాక ఇదే మొదటిసారి. పరువు పోయినా హాయిగా ఉంది.

జూన్ 13
ఒకటోది దిరిసెన, రెండోది తుమ్మ. చెక్కల గురించి నా దగ్గరున్న పుస్తకంలోని బొమ్మలతో పోల్చి అక్క పట్టుకుంది. టింబర్ డిపో ఆయన కూడా ఔనన్నాడు. మూడోది ఏ బొమ్మకూ కలవడం లేదు. పైకి ఎండిన దుంగ, వాసనే లేదు. లోపల మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది, బరువు తగ్గలేదు.

జూన్ 14
మామిడిపండు తింటూ అక్క ఏడ్చింది. నేను చూడనట్టు ముక్కలు కోస్తూ ఉండిపోయాను.

జూన్ 16, మధ్యాహ్నం
మూడోదాన్ని లేత్‌కు ఎక్కించాను. ఊరూ పేరూ తెలియని చెక్క పొడి పీల్చకూడదు కాబట్టి రబ్బరు మాస్కు బిగించుకున్నాను. పైన ఎండిన భాగం పోగానే తడి పొట్టు చిమ్మడం మొదలైంది. ఎంత మెత్తగా తెగుతోందో! రంధ్రాలు ఎలా ఉంటాయో చూడాలని ఆత్రం.

వంటగదిలోంచి అక్క కేక వేసింది. ఏమే, అక్కడ ఎలుకేమైనా చచ్చిందా అని.

లేత్ ఆపేశాను. మాస్కు తీశాను. నిజమే, తడి పొట్టులోంచి చచ్చిన ఎలుక కంపు. నాకంటే ముందు ఆమెకు తెలిసింది.

అక్క ముక్కు మూసుకుని గుమ్మంలోకి వచ్చింది. నా ముఖం చూసి, చెయ్యి తీసేసి, ఇంకోసారి పీల్చింది.

జూన్ 17
మూడోదాని పేరు ఇంకా తెలియలేదు. ఇల్లంతా కంపు. అక్క కిటికీలు తెరవనివ్వడం లేదు.